అండమాన్ వెళ్లండి, అన్నీ చూడకండి

సంక్రాంతి సెలవులకి అండమాన్ వెళ్దామనుకున్న మర్నాడే మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి ఒక పీడీఎఫ్ వచ్చింది. ట్రావెల్ ఏజెంట్ పంపాడు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. దిగిన రోజే సెల్యులార్ జైలు, సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో. మర్నాడు రాస్ ఐలాండ్, నార్త్ బే. ఆ తర్వాత ఫెర్రీలో హావెలాక్ ద్వీపం, అక్కడి రాధానగర్ బీచ్. ఇంకో పొద్దున ఎలిఫెంట్ బీచ్, అదే మధ్యాహ్నం ఇంకో ఫెర్రీలో నీల్ ఐలాండ్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. చివరి రోజు మళ్లీ ఫెర్రీ, విమానం. అడుగున చిన్న అక్షరాల్లో బారాటాంగ్, కావాలంటే. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాలట.

ఇది కొత్తగా పెళ్లయిన జంట కోసం తయారైన కాగితం. ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు, ఎక్కడ ఆకలేస్తే అక్కడ తింటారు, ఎక్కడ నిద్రొస్తే అక్కడ పడుకుంటారు. అదే కాగితానికి పైన 'ఫ్యామిలీ ప్యాకేజీ' అని పేరు మార్చి పంపుతారు. లోపల మారేది ఎక్స్‌ట్రా బెడ్ ఒక్కటే. మా గుంపు చూడండి: డెబ్బై దాటిన మామగారు, మోకాళ్ల నొప్పులతో అత్తగారు, సముద్రమంటే కార్తీక పౌర్ణమి స్నానం తప్ప మరొకటి తెలియని మా అమ్మ, వదిన, అన్నయ్యగారు, స్కూలుకెళ్లే వాళ్ల పిల్లలిద్దరు, మేమిద్దరం, నాలుగేళ్ల మా బాబు, ఇంకా డైపర్లు వదలని పాప. ఇంతమందిని ఆ పీడీఎఫ్ ప్రకారం తిప్పితే ఇంటికొచ్చాక విశ్రాంతికి ఇంకో సెలవు పెట్టుకోవాలి.

నేను అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. పసిపిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని సముద్రానికి వెళ్తే ఒక ఒడ్డు చూసుకుని అక్కడే ఉండిపోవాలి. చుట్టి రావడం పెట్టుకోకూడదు. హావెలాక్ అనుకుంటే హావెలాకే, అందులోనూ ఒక్క బీచే. మిగతావి ఓపికున్నవాళ్లు వంతులవారీగా వెళ్లి చూసొస్తారు.

అన్నయ్యగారు, అంటే మా ఆడపడుచు భర్త, దీన్ని ఒప్పుకోలేదు. "ఇంత డబ్బు పోసి అంత దూరం వెళ్లి ఒక్క బీచ్ చూసొస్తామా? దానికి బాపట్ల పోతే సరిపోదూ" అన్నారు. మంచి ప్రశ్నే. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి మారడమంటే ఏమిటో చూద్దాం. ఏజెంటు దాన్ని 'ట్రాన్స్‌ఫర్' అని ఒక్క మాటలో తేల్చేస్తాడు.

విమానం దిగే పోర్ట్‌బ్లెయిర్ నుంచి హావెలాక్‌కి ప్రైవేటు ఫెర్రీలో సుమారు గంటన్నర, ప్రభుత్వ ఫెర్రీలో రెండు గంటల పైమాటే. వినడానికి తక్కువే. కానీ అండమాన్‌లో చాలా హోటళ్లు పొద్దున్నే గది ఖాళీ చేయమంటాయి. అంటే పిల్లలు లేవకముందే సూట్‌కేసులు సర్దాలి. రాత్రి ఆరేసిన స్విమ్మింగ్ బట్టలు ఆరవు, అక్కడి గాలిలో అంత తేమ. వాటిని ప్లాస్టిక్ కవర్లో కుక్కాలి. జెట్టీకి ముందుగా చేరాలి, లైన్లో నిలబడి గుర్తింపు కార్డులు చూపించాలి, సామాను ఎక్కించాలి. ఫెర్రీ అంతా ఏసీ, అద్దాలు తెరుచుకోవు. సముద్రం కాస్త ఊగితే మొదట మా అమ్మ, ఆ వెంటనే వదిన కొడుకు కవర్లు అడిగారు. అవతలి జెట్టీలో దిగి, జీపు మాట్లాడుకుని, హోటల్‌కి వెళ్తే "రూమ్ ఇంకా రెడీ కాలేదు మేడమ్". మధ్యాహ్నం నిద్ర చెడిన పాప సాయంత్రమంతా ఏడుస్తూనే ఉంటుంది. అలా ఒక్కసారి మారితేనే ఒక రోజు పోతుంది. ఆ పీడీఎఫ్‌లో అలాంటివి మూడున్నాయి.

పైగా ఫెర్రీ మన చేతిలో లేదు. గాలి ఎక్కువైతే రద్దు చేస్తారు. డిసెంబర్ చివరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది, అయినా హామీ లేదు. ఒక ఫెర్రీ తప్పితే దాని వెనక ఉన్న హోటల్, ఇంకో ఫెర్రీ, విమానం అన్నీ వరసగా కదిలిపోతాయి. ఇద్దరైతే నవ్వుకుని ఏదో ఒక లాడ్జిలో పడుకుంటారు. పదకొండు మందికి అప్పటికప్పుడు గదులు వెతకడం ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను, టికెట్లు బుక్ చేసేటప్పుడు పనికొస్తుంది. 2018 డిసెంబర్‌లో హావెలాక్ పేరు స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ పేరు షహీద్ ద్వీప్‌గా మారాయి. 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. కాగితాల మీద కొత్త పేర్లు కనిపిస్తాయి కానీ మాతో మాట్లాడిన వాళ్లందరూ పాత పేర్లే వాడారు. భాష గురించి పెద్దవాళ్లు బెంగపడక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం ఆ ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పోర్ట్‌బ్లెయిర్‌లో మమ్మల్ని ఎక్కించుకున్న జీపు డ్రైవరు అచ్చం శ్రీకాకుళం యాసలో మాట్లాడాడు. తాతల కాలంలో విశాఖ నుంచి ఓడలో వచ్చారట. ఎక్కిన క్షణం నుంచి దిగేదాకా మా మామగారికీ అతనికీ మధ్య మాటలు ఆగలేదు.

సరే, ఒకే ఒడ్డున ఉంటే ఏమొస్తుంది? అన్నిటికన్నా ముందు వెలుగొస్తుంది.

మన గడియారాల టైము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ గీత మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. పోర్ట్‌బ్లెయిర్ దానికి పది డిగ్రీలు ఇంకా తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన కాకినాడ కంటే సుమారు నలభై నిమిషాల ముందే అక్కడ సూర్యుడొస్తాడు, నలభై నిమిషాల ముందే పోతాడు. గడియారం మాత్రం ఒకటే. జనవరిలో అక్కడ ఐదుంబావుకల్లా సూర్యుడు అస్తమిస్తాడు, కాసేపటికి చీకటి. పొద్దున ఐదున్నరకే తెల్లగా వెలుగు.

ఇప్పుడు ప్యాకేజీ దినచర్య చూడండి. ఎనిమిదిన్నరకి బ్రేక్‌ఫాస్ట్, తొమ్మిదిన్నరకి జీపు, పదింటికి బీచ్, ఒంటిగంటకి భోజనం. సూర్యుడి లెక్కలో అక్కడ పదంటే మనకి పది నలభై కింద లెక్క. ఎండ సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు, నీడ లేని తెల్ల ఇసుక మీదికి పసిపిల్లల్ని దింపుతున్నామన్నమాట. ఇసుక కాలుతుంది, నీళ్లు ఎండని తిరిగి మొహం మీదికి కొడతాయి. ఆరు నెలలలోపు పాపాయిలకి సన్‌స్క్రీన్ కూడా పూయొద్దంటారు డాక్టర్లు, వాళ్లకి నీడే మందు. నాలుగింటికి "కాస్త చల్లబడింది, పదండి" అని బయల్దేరితే గంటన్నరలో చీకటి పడుతుంది.

మా ఇంట్లో పొద్దున్నే లేచేది ఎవరంటే పాప, మా అమ్మ, మామగారు. మిగతావాళ్లకి నిద్ర తీపి. ఒకే చోట ఉన్నాం కాబట్టి ఎవర్నీ లేపే పని లేదు. ఐదున్నరకి ఒడ్డు మీదికి ఆ ముగ్గురు, తోడుగా మా ఆయనో అన్నయ్యగారో. ఎనిమిదిన్నరకల్లా నీళ్లాట అయిపోయేది, పిల్లలు ఒళ్లు కడుక్కుని ఇడ్లీయో పూరీయో తిని పదింటికి పడుకునేవాళ్లు. మూడింటికి మళ్లీ నీళ్లలోకి. మధ్యలో ఎండ దాని మానాన అది కాసేది. మాఘస్నానాలకి నాలుగింటికి లేచే అలవాటున్న మా అమ్మకి, వేళాపాళా లేకుండా లేచే పాపకి ఇంత బాగా కుదిరిన ఊరు ఇంకోటి లేదు.

హావెలాక్‌లో బీచ్‌లకి నంబర్లున్నాయి. పేరున్నది రాధానగర్, ఏడో నంబరు, పడమటి వైపు. 2020లో మన రుషికొండతో పాటే బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది దానికి. లైఫ్‌గార్డులుంటారు, ఇసుక విశాలం, సూర్యాస్తమయం అందం. అలలు కూడా ఉంటాయి. మేము ఉన్నది తూర్పు వైపు, ఐదో నంబరు, విజయనగర్. ఇక్కడ బయట ఎక్కడో పగడపు దిబ్బల మీద అల విరిగిపోతుంది, ఒడ్డుకి చేరేసరికి నీళ్లు పళ్లెంలో పోసినట్టు నిలిచి ఉంటాయి. పెద్ద పెద్ద చెట్లు నీళ్ల మీదికి వంగి నీడనిస్తాయి. ఫొటోలకి రాధానగర్ గొప్పదైతే కావచ్చు. ఏడాదిన్నర పాప మొలలోతు నీళ్లలో కూర్చుని చెంబుతో నెత్తిమీద పోసుకోవాలంటే మాత్రం విజయనగర్‌కి సాటి లేదు.

అయితే ఒకటుంది. తూర్పు వైపు ఆటు వచ్చిందంటే నీళ్లు వందల అడుగులు వెనక్కి పోతాయి, రాళ్లు, పగడపు ముక్కలు బయటపడతాయి. కాలికి చెప్పుల్లేకపోతే కోసుకుంటాయి. పోటు మీదున్నప్పుడు నీళ్లు చెట్ల మొదళ్ల దాకా వచ్చేస్తాయి, ఇసుకే మిగలదు. పిల్లలకి మంచి వేళ ఈ రెంటికీ మధ్యలో. ఆ వేళ రోజూ ఒకటే ఉండదు, సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఐదు బీచ్‌లు తిరిగేవాళ్లకి ఇదేమీ తెలియదు. జీపు వెళ్లినప్పుడు నీళ్లుంటే ఉన్నట్టు, లేకపోతే "ఇదేంటి, బురదగా ఉంది" అని ఫొటో తీసుకుని వచ్చేయడమే.

ఈ లెక్క మా ఇంట్లో మామగారు పట్టారు. ఆయన ఎక్కడికెళ్లినా సూట్‌కేసులో తెలుగు క్యాలెండర్ ఉంటుంది, వర్జ్యం చూడకుండా గడప దాటరు. మొదటి రోజే హోటల్ కుర్రాణ్ని అడిగి పోటు ఎప్పుడొచ్చిందో క్యాలెండర్ గడిలో పెన్సిలుతో రాశారు. మర్నాడు ఎంతకొస్తుందో తనే చెప్పారు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ అని ఆయనకి చిన్నప్పటి నుంచీ తెలుసు, వాళ్లది దివిసీమ. పిల్లలు పొద్దున్నే "తాతయ్యా, ఇవాళ నీళ్లెప్పుడు?" అని ఆయన మంచం దగ్గరికి పరుగెత్తేవాళ్లు. ఫోన్‌లో టైడ్ యాప్ ఉంది, నాకు తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇక అసలు విషయం, నేను ఇంత గట్టిగా వాదించడానికి కారణం. కాపలా.

పదిమంది పెద్దవాళ్లుంటే పిల్లలకి భయం లేదనుకుంటాం. సముద్రం దగ్గర సంగతి వేరు. నానమ్మ అమ్మమ్మ చూస్తోందనుకుంటుంది, అమ్మమ్మ అత్త చూస్తోందనుకుంటుంది, అత్త ఫొటో తీస్తూ ఉంటుంది. ఇంతమంది మధ్య పిల్లవాడు ఒంటరిగా నీళ్లలో ఉంటాడు. మునిగేవాడు కేకలు పెడతాడని, చేతులు కొట్టుకుంటాడని సినిమాలు మనకి నేర్పాయి. చిన్నపిల్లలు అరవరు. గాలి పీల్చడానికే నోరు చాలదు, ఇక అరవడానికి ఎక్కడ? నిలువుగా, చప్పుడు లేకుండా కిందికి జారిపోతారు, పక్కనే ఉన్నవాళ్లకి ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఒకటి నుంచి నాలుగేళ్ల వయసు పిల్లల మరణాలకి ప్రపంచమంతటా ముఖ్య కారణాల్లో నీట మునగడం ఒకటి.

మేము పెట్టుకున్న పద్ధతి ఇది. ఒక ఎర్ర తువ్వాలు. అది ఎవరి మెడలో ఉంటే వాళ్లదే కాపలా. వాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు, కబుర్లు ఉండకూడదు, పాప వాళ్ల చేతికందేంత దూరంలో ఉండాలి. అరగంటకి తువ్వాలు చేతులు మారాలి, ఊరికే లేచి వెళ్లిపోవడానికి లేదు. "వదినా, తీసుకుంటున్నావా?" "తీసుకున్నా" అని నోటితో చెప్పుకోవాలి. మొదట్లో అన్నయ్యగారు నవ్వారు, ఎన్‌సీసీ క్యాంపులా ఉందని. రెండో పూటకి ఆయనే అందరికన్నా కచ్చితంగా పాటించారు. ఈతరాని పెద్దవాళ్లకి, అంటే అత్తగారికి, మా అమ్మకి, నీళ్లలో ఉన్న పిల్లల తువ్వాలు ఇవ్వలేదు. ఇసుకలో ఆడేవాళ్ల కాపలా వాళ్లది. ఇది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, "నేను నలుగుర్ని పెంచాను" అంటారు. చెప్పాలి. పిల్లల్ని పెంచినంత మాత్రాన అలలో పరుగెత్తే మోకాళ్లు రావు కదా.

గాలి ఊదిన ట్యూబులు, బాతుబొమ్మలు కాపలాకి బదులు కావు. ఒడ్డు వైపు నుంచి గాలి వీస్తే అవే పిల్లవాణ్ని లోపలికి లాక్కెళ్తాయి. హావెలాక్‌లోనే మొసళ్ల భయం కూడా ఉంది, ఉప్పునీటి మొసళ్లు. 2010లో రాధానగర్‌కి పక్కనున్న చిన్న ఖాతంలో స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ, నీటి అడుగు చూస్తూ ఈదడం) చేస్తున్న ఒక అమెరికన్ యువతి మొసలి దాడిలో చనిపోయింది. బోర్డు పెట్టిన చోట దిగకూడదంటే దిగకూడదు, అంతే. వాగులు సముద్రంలో కలిసే చోట్లకి, మడ అడవుల పక్కకి పిల్లల్ని తీసుకెళ్లకూడదు.

ఇప్పుడు ఈ కాపలాకీ ఒకే ఒడ్డుకీ ఉన్న సంబంధం చెప్తాను. రెండో రోజుకల్లా మాకు ఆ నీళ్లు తెలిసిపోయాయి. మూడో చెట్టుకి ఎదురుగా అడుగున గుంట ఉందని, పడవ కట్టిన చోట రాళ్లు నాచుపట్టి జారుతున్నాయని, పోటు వచ్చేటప్పుడు ఉత్తరం వైపు నీళ్లు ముందు లోతవుతాయని. హోటల్ తోటమాలికి మా పిల్లల పేర్లు తెలిసిపోయాయి. రోజుకో బీచ్ మార్చేవాళ్లకి రోజూ కొత్త సముద్రమే, ఏ గుంట ఎక్కడుందో తెలియదు. కాపలా ప్రతిరోజూ సున్నా నుంచి మొదలవుతుంది. అలసిపోయి వచ్చి, కొత్త చోట, ఎండలో, అరగంటే టైమని ఆదరాబాదరాగా నీళ్లలోకి దిగుతారు. ప్రమాదానికి ఇంతకన్నా ఏం కావాలి?

పిల్లలకి కొత్తదనం ఉండదని అంటారు. నాలుగేళ్లవాడికి ఐదు బీచ్‌లూ ఒకటే బీచ్. కానీ ఒకే బీచ్‌కి మళ్లీ మళ్లీ వెళ్తే వాడికి అది రోజూ కొత్త. మా బాబు రెండో రోజు సాయంత్రం గవ్వలు, శంఖాలు ఏరి ప్లాస్టిక్ గ్లాసులో గదికి తెచ్చాడు. రాత్రి లైట్లార్పాక నేల మీద టకటకమని చప్పుడు. అత్తగారు సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే ఒక శంఖం మంచం కింది నుంచి తలుపు వైపు నడుచుకుంటూ పోతోంది. "అమ్మాయ్, శంఖం నడుస్తోందే!" అని ఆవిడ పెట్టిన కేకకి పక్కగదిలోవాళ్లు కూడా లేచారు. లోపల పీత ఉంది. ఆ పీతకి సొంత డొప్ప ఉండదు, ఖాళీ శంఖం దొరికితే అందులో దూరి కాపురం పెడుతుంది, ఒళ్లు పెరిగితే ఇంకో పెద్ద శంఖం వెతుక్కుంటుంది. అంటే ఒడ్డున ఖాళీగా పడున్న శంఖం ఖాళీది కాదు, ఎవరో ఒకరు రాబోయే ఇల్లు. మర్నాడు పొద్దున మొత్తం గ్లాసు తీసుకెళ్లి దొరికిన చోటే పోశాడు. ఆ తర్వాత వాడికి వేరే ఆటలేదు. ఏ పీత ఏ ఇంట్లో ఉంది, ఎవరు ఇల్లు మారారు, ఇదే లెక్క. వదిన పిల్లలు కూడా ఫోన్లు పక్కన పెట్టి వాడి వెంట పడ్డారు.

పగడాలు, కొన్ని రకాల గవ్వలు తీసుకురావడం నేరం కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పగడాలకి రక్షణ ఉంది. విమానాశ్రయంలో స్కానర్‌కి దొరికితే తీసేసుకుంటారు, అంతటితో ఆగకపోవచ్చు కూడా. ఏడ్చే పిల్లవాడితో అక్కడ నిలబడేకన్నా ఒడ్డు మీదే చెప్పేయడం నయం.

ఆడవాళ్ల సంగతి అడగరేం? కుటుంబాలతో వెళ్లే ట్రిప్పుల్లో నాకు ఎక్కువగా మండే విషయం ఇదే. ఇంట్లో పని ఆగిపోదు, మనతో పాటు విమానం ఎక్కుతుంది. ఎవరి బట్టలు ఆరలేదు, పాపకి పెరుగన్నం ఎక్కడ దొరుకుతుంది, మామగారి బీపీ మాత్ర ఏ బ్యాగులో ఉంది, ఈ లెక్కలన్నీ ఇంట్లో ఎవరి బుర్రలో ఉంటాయో అక్కడా వాళ్ల బుర్రలోనే. చోటు మారిన ప్రతిసారీ ఈ పని మళ్లీ మొదటికొస్తుంది. ఒకేచోట ఉంటే మొదటిరోజు అలమారలో సర్దేస్తాం, అంతటితో సరి. తడి బట్టలకి ఒక తాడు కట్టుకుంటాం, అది చివరిదాకా ఉంటుంది. వంటింటి మనిషితో పరిచయమవుతుంది. మాకు వండినావిడ బెంగాలీ, హావెలాక్‌లో ఎక్కువమంది అప్పటి తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లే. కారం తక్కువ వేసి పప్పు చేయమంటే రెండో రోజు నుంచి అడగకుండానే పిల్లల గిన్నె విడిగా తెచ్చిపెట్టేది. మేము తీసుకెళ్లిన ఆవకాయ రుచి చూసి ఆవిడ కళ్లవెంట నీళ్లు పెట్టుకుని మళ్లీ వేయించుకుంది.

ఒకటి మాత్రం ముందే తేల్చుకోవాలి. ఒకే ఒడ్డున ఉన్నంత మాత్రాన పని దానంతటదే పంచుకోబడదు. సాయంత్రం స్నానాలు మగవాళ్ల పని అని వెళ్లేముందే అనుకున్నాం. ఇసుక అంటుకున్న నలుగురు పిల్లలకి ఒళ్లు కడగడమంటే ఏమిటో మా ఆయనకీ అన్నయ్యగారికీ అప్పుడే తెలిసింది. (చిట్కా: ఇసుక తడిగా ఉన్నప్పుడు తుడవకండి. ఆరనిచ్చి, టాల్కం పౌడరు చల్లి పొడిబట్టతో దులిపితే రాలిపోతుంది. పౌడరు మొహానికి దూరంగా.) చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక అండమాన్‌లో ఇంటర్నెట్ బాగుపడింది. మగవాళ్లకి 'ఒక్క ఆఫీసు కాల్' అనే సాకు కూడా అప్పుడే దొరికింది. పాత రోజుల నెట్‌వర్కే నయమనిపించింది ఒకటి రెండు సార్లు.

పట్టుదలకి కూడా ఒక హద్దుంది. సెల్యులార్ జైలు చూడాల్సిందే. ఎటూ పోర్ట్‌బ్లెయిర్‌లోనే దిగుతాం. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలుకి ఏడు భాగాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఈ మాట మామగారు వదిన పిల్లలకి ఆ వరండాలో నిలబడి చెప్తుంటే పక్కవాళ్లు కూడా ఆగి విన్నారు. కానీ లైట్ అండ్ సౌండ్ షోకి చిన్నపిల్లల్ని తీసుకెళ్లకండి, దిగిన రోజు రాత్రి అసలొద్దు. మేము పాపనీ బాబునీ మా అమ్మ దగ్గర వదిలి వెళ్లాం, అందరికీ హాయిగా ఉంది.

బారాటాంగ్‌కి వద్దంటాను, పిల్లలున్నా లేకపోయినా. సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం బాగుండొచ్చు. ఆ రోడ్డు జారవా ఆదివాసీ తెగకి కేటాయించిన రక్షిత ప్రాంతం మధ్య నుంచి పోతుంది. వాహనాలన్నీ కాన్వాయ్‌గా వెళ్లాలి, అందుకే ఆ తెల్లవారుజాము ప్రయాణం. ఫొటోలు తీయడం నిషేధం. రక్షిత ప్రాంతం గుండా పోయే ఆ రోడ్డుని మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అడవిలో తమ బతుకు తాము బతికే మనుషుల్ని జీపు కిటికీలోంచి చూడటానికి పిల్లల్ని నిద్రలేపి తీసుకెళ్లడం నా వల్ల కాదు.

ఎలిఫెంట్ బీచ్‌కి అన్నయ్యగారు, మా ఆయన, వదిన పిల్లలు వెళ్లొచ్చారు. పాప సైజు లైఫ్ జాకెట్ ఉందా అని పడవవాణ్ని అడిగితే లేదన్నాడు, అక్కడితో నాకూ పాపకీ ఆ బీచ్ అయిపోయింది. మర్నాడు నేనూ వదినా స్నార్కెలింగ్‌కి వెళ్లాం, పిల్లలు నాన్నల దగ్గర. స్కూబా, అంటే గాలి సిలిండర్‌తో నీటి అడుగుకి దిగడం, పదేళ్లలోపు పిల్లలకి లేదు, పెద్దవాళ్లు వంతులేసుకోవచ్చు. ఇంట్లో ఇంతమంది ఉండటం వల్ల వచ్చే అసలు లాభం ఇదే. పదకొండు మందిని ఒకే జీపులో కుక్కి ఒకే చోటికి తిప్పితే ఆ లాభం పోతుంది, మిగిలేది జీపు అద్దె.

ఇక బాపట్ల. ఒక్క బీచ్ కోసం అండమాన్ దాకా ఎందుకని అన్నయ్యగారు అడిగినదానికి నా జవాబు ఏమిటంటే, ఏడాదిలోపు పాపాయి ఉంటే నిజంగానే బాపట్ల చాలు. సూర్యలంకలో రిసార్టు గది తీసుకుని, పొద్దున్నే వెళ్లి, జనం రాకముందు వచ్చేయొచ్చు. జ్వరమొస్తే గంటన్నరలో గుంటూరులో ఉంటాం. హావెలాక్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది కానీ పెద్దాసుపత్రి అంటే పోర్ట్‌బ్లెయిర్‌లోని జీబీ పంత్, రాత్రిపూట మామూలు ఫెర్రీలు ఉండవు. విమానం టికెట్ల డబ్బులో సూర్యలంకకి ఎన్నిసార్లు వెళ్లొచ్చో లెక్క వేయక్కర్లేదు. కానీ మన ఒడ్డంతా బంగాళాఖాతానికి ఎదురొడ్డి నిలబడింది. అలని ఆపే పగడపు దిబ్బ లేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో ఏటా ఎంతమంది కొట్టుకుపోతున్నారో పేపర్లో చూస్తూనే ఉన్నాం. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో, చీరతో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నీళ్లలో కూర్చోగలిగింది హావెలాక్ తూర్పు ఒడ్డున మాత్రమే. నేను విమానానికి డబ్బు కట్టింది ఆ దిబ్బ కోసం. ఐదు బీచ్‌ల కోసం కాదు.

వెళ్లేవాళ్లు హోటల్‌ని ఫోన్‌లో అడగాల్సినవి, వెబ్‌సైట్లో ఉండనివి: నేల మీది గదేనా, మెట్లెన్ని. గది తలుపు నుంచి నీళ్లకి ఎన్ని అడుగులు, మధ్యలో రోడ్డుందా. ఆటు వచ్చినప్పుడు నీళ్లు ఎంత దూరం పోతాయి. కరెంటు పోతే జనరేటర్ ఫ్యాన్‌కి కూడా పనిచేస్తుందా. పాపకి అన్నం మెత్తగా వండిపెడతారా, లేక చిన్న రైస్ కుక్కర్ తెచ్చుకోవచ్చా. సాయంత్రం ఇసుక ఈగలు కుడతాయి, దురద రోజుల తరబడి ఉంటుంది. పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు, పైజామాలు ఎన్ని పెట్టుకుంటే అంత మంచిది.

అన్నయ్యగారు ఇప్పటికీ ఒప్పుకోలేదు. నీల్ ఐలాండ్‌లో లక్ష్మణ్‌పూర్ దగ్గర ఆటు వేళ బయటపడే రాతి వంతెన చూడకుండా వచ్చామని ఏ పెళ్లిలో కలిసినా గుర్తుచేస్తారు. ఈసారి లక్షద్వీప్ అంటున్నారు. మొన్న గ్రూపులో కొత్త పీడీఎఫ్ పెట్టారు, ఐదు రోజుల్లో నాలుగు ద్వీపాలు. కింద మా అత్తగారు వాయిస్ మెసేజ్ పెట్టారు: "నాకు గది నీళ్ల పక్కన కావాలి నాయనా. మీరు వెళ్లి చూసిరండి, పిల్లలు మా దగ్గరుంటారు. ఆ ఎర్ర తువ్వాలు ఎవరి దగ్గరుందో కనుక్కోండి."